గోల్ఫ్ బ్యాగుల్లో ఇన్ని రకాలెందుకు? మోసేదెవరో చెబితే జవాబు తేలుతుంది

తంబళ్లపల్లె చుట్టుపక్కల చెనక్కాయ చేలున్నాయి, టమోటా తోటలున్నాయి, మల్లయ్యకొండ ఉంది. గోల్ఫ్ మైదానం మాత్రం లేదు. అయినా గోల్ఫ్ బ్యాగు మన ఇళ్లకు రావడం మొదలైంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కారు డిక్కీ తెరిస్తే ఒకటి అడ్డంగా పడుకుని ఉంటుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అల్లుడు ఛాతీ ఎత్తు పెట్టె ఒకటి దించుతాడు. ‘ఇదేంది నాయనా, ఇంత పెద్ద సంచి?’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. సమాధానం పూర్తయ్యేలోపు కాఫీ వస్తుంది, మాట మారిపోతుంది. ఆ ఆగిపోయిన సమాధానాన్ని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. బ్యాగు కొనబోయేవారికీ, క్లబ్బులో పనికి కుదిరి రోజూ దాన్ని మోయబోయే కుర్రాడికీ ఇది పనికొస్తుంది.

మా పక్క మైదానమే లేదు. ఈ ఆట మనకు ఏమంత దగ్గర?

అనుకున్నదానికంటే దగ్గరే. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగితే కేజీఎఫ్ పక్కనే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడి బంగారు గనుల్లో అడుగుపెట్టింది. గనుల వెంటే ఆంగ్లేయ ఇంజనీర్ల బంగళాలు, వాళ్లకో క్లబ్బు, ఓ గోల్ఫ్ మైదానం వచ్చాయి. 2001లో గనులు మూతపడ్డాయి. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా మూతపడ్డవే. గని పోయినా ఊరి చరిత్రలో గోల్ఫ్ ముచ్చట మిగిలింది.

ఇటు మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బెంగళూరు చేరితే, అక్కడ 1876లో పుట్టిన బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు ఉంది. పాత విమానాశ్రయం దారిలో దొమ్మలూరు దగ్గర కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉంది. తెలుగు నేల మీదే చూడాలంటే హైదరాబాదులో గోల్కొండ కోటకు చెందిన నయా ఖిల్లాలో పాత బురుజుల నడుమ ఆట సాగుతుంది. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బుంది. ఆట ఎక్కడైనా ఒకటే. ఎండ, వాన, ఉప్పుగాలి మాత్రం ఊరికో తీరు. బ్యాగు ఎంపికలో వాటికీ వాటా ఉంది, ఆ సంగతి తర్వాత.

అసలు ఆ బ్యాగులో ఏముంటుంది? అంత బరువెందుకు?

గోల్ఫ్‌లో బంతిని కొట్టే కర్రను క్లబ్ అంటారు. దూరానికి ఒకటి (డ్రైవర్, వుడ్), మధ్యరకానికి ఒకటి (హైబ్రిడ్, ఐరన్), ఇసుక గుంతలోంచి పైకి లేపడానికి ఒకటి (వెడ్జి), చివర్లో బంతిని గుంతలోకి దొర్లించడానికి ఒకటి (పటర్). ఇలా ఒక్కో పనికి ఒక్కో క్లబ్. నిబంధన ప్రకారం ఒక ఆటగాడు ఒక రౌండుకు గరిష్ఠంగా 14 క్లబ్బులు పెట్టుకోవచ్చు. తక్కువైతే అడిగేవాళ్లు లేరు, ఎక్కువైతే శిక్ష.

తక్కెడలో వేసి చూద్దాం. బంతిని అన్నిటికంటే దూరం పంపే డ్రైవర్ చూడటానికి పెద్దదే గానీ సుమారు 320 గ్రాములే. ఫెయిర్‌వే వుడ్లు రెండు, హైబ్రిడ్ ఒకటి కలిపితే కిలో. ఐరన్లు ఏడు, ఒక్కోటి 400 గ్రాముల పైమాటే, మొత్తం 3 కిలోల దాకా వస్తాయి. వెడ్జిలు రెండు దాదాపు కిలో. పటర్ అర కిలో. వెరసి 14 క్లబ్బుల బరువు 5.5 నుంచి 6 కిలోలు. బంతి ఒక్కోటి 45.93 గ్రాములు మించకూడదని నిబంధన, కాబట్టి ఎనిమిది, తొమ్మిది బంతులంటే 400 గ్రాములు. రెండు లీటర్ల నీళ్లు 2 కిలోలు. గొడుగు, తువ్వాలు, గ్లవ్, బంతిని నిలబెట్టే టీలు, తినడానికేదో ఒకటి కలిపి ఇంకో కిలో, కిలోన్నర. ఇంకా సంచి సొంత బరువు కలపనే లేదు, అప్పుడే 9 కిలోలు దాటింది.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. క్లబ్బుల బరువు తగ్గించడం మన చేతుల్లో పెద్దగా లేదు. నీళ్లు మానలేం. తగ్గించగలిగింది సంచి ఒక్కటే. ఖాళీ సంచి కిలో నుంచి 5 కిలోల దాకా దొరుకుతుంది. మైదానంలో ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

14 అనే లెక్క ఎక్కడిది? ఒకటి ఎక్కువుంటే కొంపలేమైనా మునుగుతాయా?

ఒకప్పుడు లెక్కే లేదు. 1930లలో పేరున్న ఆటగాళ్లు కొందరు 20, 25 క్లబ్బులు దాటించి పెట్టుకునేవారు. మోసే క్యాడీ నడుము విరిగేది. ప్రతి దెబ్బకూ రెడీమేడ్‌గా ఒక క్లబ్ ఉంటే ఆటగాడి నేర్పు ఏముందన్న విమర్శా వచ్చింది. అమెరికా గోల్ఫ్ సంఘం 1938లోనూ, బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ సంస్థ 1939లోనూ 14 దగ్గర గీత గీశాయి. నేటి బ్యాగుల కొలతల వెనక ఆ గీత ఉంది.

గీత దాటితే ఏమవుతుందో 2001 బ్రిటిష్ ఓపెన్ పోటీ చెబుతుంది. ఆఖరి రోజు ఇయాన్ వూస్నమ్ అనే ఆటగాడు మొదటి హోల్‌లో (గుంతలో) బర్డీ, అంటే నిర్ణీత దెబ్బల కంటే ఒకటి తక్కువ, కొట్టి జోరుమీదున్నాడు. రెండో హోల్ మొదలుపెట్టబోతుంటే బ్యాగులో 15 క్లబ్బులున్నట్టు తేలింది. పరీక్షించి చూడటానికి తెచ్చిన రెండో డ్రైవర్ అందులోనే ఉండిపోయింది. లెక్క చూడాల్సిన క్యాడీ చూడలేదు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది, అంటే అతని లెక్కలో రెండు దెబ్బలు అదనంగా కలిశాయి. చివరికి వూస్నమ్ మరికొందరితో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. ఆ రెండూ లేకుంటే రెండో స్థానం అతనొక్కడిదే. అందుకే క్యాడీగా చేరిన కుర్రాడికి నేర్పే మొదటి పాఠం సంచి మోయడం కంటే ముందు, సంచిలో క్లబ్బులు లెక్కపెట్టడం.

14 క్లబ్బులకు ఒకే రకం సంచి సరిపోదా? ఇన్ని రకాలెందుకు?

18 హోల్స్ ఆడాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. అటూ ఇటూ తిరుగుడుతో కలిపి 7, 8 కిలోమీటర్లకు తక్కువ కాని నడక. అంతసేపు ఆ 10, 12 కిలోలు ఏదో ఒకటి మోయాలి. ఆటగాడి భుజం మోయొచ్చు. రెండు చక్రాల ట్రాలీ మోయొచ్చు. బ్యాటరీతో నడిచే బగ్గీ మోయొచ్చు. క్యాడీ మోయొచ్చు. ఊరు దాటితే విమానం మోయొచ్చు. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు, అందుకే ఒక్కో తీరు సంచి. రకాలన్నిటి గుట్టూ ఇంతే. దుకాణంలో రంగు, బ్రాండు, జేబుల సంఖ్య చూపించి అమ్మబోతారు. మీరు మాత్రం ముందు ‘దీన్ని మోసేదెవరు?’ అని మిమ్మల్ని మీరే అడగండి.

మొదట్లో సంచే లేదు. 19వ శతాబ్దం చివరి దాకా స్కాట్లాండ్‌లో క్యాడీలు క్లబ్బులను కట్టగా చంకలో పెట్టుకుని నడిచేవారు. వానకు పట్టుకునేచోటు తడిసి జారేది. తర్వాత కాన్వాసు గుడ్డతో కుట్టిన సన్నటి సంచులు వచ్చాయి. 1890లలో ఇంగ్లండులో కాళ్లున్న చెక్క చట్రం ఒకటి వచ్చింది, అందులో క్లబ్బులు పెట్టి నేలమీద నిలబెట్టేవారు. నూరేళ్ల తర్వాత అదే ఆలోచన అల్యూమినియం కాళ్లతో తిరిగొచ్చింది.

స్టాండ్ బ్యాగ్ కాళ్లు వాటంతటవే ఎలా తెరుచుకుంటాయి?

ఇప్పుడు భుజాన వేసుకుని నడిచేవాళ్లలో ఎక్కువమంది వాడేది స్టాండ్ బ్యాగే. ఖాళీ బరువు 2, 2.5 కిలోల దగ్గర ఉంటుంది. నేలమీద పెట్టి కాస్త ముందుకు వంచగానే రెండు కాళ్లు టక్కున బయటికి వచ్చి నిలబడుతుంది. ఎత్తగానే కాళ్లు లోపలికి మడుచుకుంటాయి. స్విచ్ లేదు, బ్యాటరీ లేదు.

ఒకసారి తలకిందులుగా పట్టుకుని చూస్తే కిటుకు కనిపిస్తుంది. అడుగు భాగం ఒకే ముక్క కాదు. ముందువైపు సగం ఒక కీలు మీద కదులుతుంది. ఆ కదిలే ముక్కకు సన్నటి ఉక్కు కమ్మీ తగిలించి ఉంటుంది. ఆ కమ్మీ సంచి పొట్ట మీదుగా పైకి పోయి, మెడ దగ్గర కాళ్లున్న చోట కలుస్తుంది. సంచిని వంచినప్పుడు బరువంతా ముందు అంచు మీద పడి, ఆ ముక్క లోపలికి నొక్కుకుంటుంది. కమ్మీ పైకి తోసుకొస్తుంది. కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి. బరువు తీయగానే స్ప్రింగు అన్నిటినీ మొదటి చోటికి లాగేస్తుంది.

దీన్నిబట్టే దాని జబ్బులు కూడా తెలుసుకోవచ్చు. కీలులో బురద, గడ్డి ఇరుక్కుంటే కాళ్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి. అప్పుడు బలంగా లాగితే కమ్మీ వంగుతుంది. నీళ్లతో కడిగి, పళ్లు తోముకునే పాత బ్రష్‌తో రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. కారులో వేసేటప్పుడు కాళ్లను పట్టీతో కట్టేయాలి. కొనేముందు దుకాణంలో పదిసార్లు వంచి, ఎత్తి చూడండి. ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా తెరుచుకుంటే ఆ సంచి వద్దు.

పాత సంచులకు ఒకటే పట్టీ, ఒకటే భుజం. నాలుగు గంటలు నడిచేసరికి నడుము ఒక పక్కకు లాగేది. 1990లలో రెండు పట్టీలు వచ్చి, బరువు కావడి మోసినట్టు రెండు భుజాలకూ పంచుకునే వీలు దొరికింది. కొనేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. నిండు సంచి వీపున వేసుకున్నప్పుడు దాని అడుగు తుంటి మీద ఆనాలి, క్లబ్బుల తలలు కొంచెం పైకి ఉండాలి. తలలు కిందికి వాలితే అడుగడుగుకూ క్లబ్బులు జారుతుంటాయి. పట్టీల పొడవు సరిచేసినా వాలుతుంటే ఆ సంచి మీ ఒంటికి కుదరదన్నమాట.

కార్ట్ బ్యాగుకు కాళ్లెందుకు ఉండవు?

అది నేలమీద నిలబడాల్సిన అవసరం లేదు కాబట్టి. ట్రాలీ మీదో, బగ్గీ వెనకో బెల్టుతో కట్టేస్తారు, ఆట అయ్యేదాకా అక్కడే ఉంటుంది. కట్టిన సంచికి వెనకవైపు జేబు ఉంటే చెయ్యి దూరదు. అందుకని జేబులన్నీ ముందువైపుకూ పక్కలకూ ఉంటాయి. అడుగు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. ఖాళీ బరువు 3 కిలోలకు అటూ ఇటూ. పట్టీ ఒకటే. డిక్కీలోంచి ట్రాలీ దాకా తీసుకుపోవడానికి అది చాలు. దాంతో 18 హోల్స్ నడవాలనుకుంటే మాత్రం భుజం ఊరుకోదు.

స్టాండ్ బ్యాగును ట్రాలీ మీద కట్టకూడదా అంటే, కట్టొచ్చు. పట్టీ కాళ్ల మీదుగా పడితే కాళ్లు అణిగి వంగుతాయి, గతుకుల్లో సంచి పక్కకు తిరుగుతుంది. ఈ రెండు గొడవలూ లేకుండా, కాళ్లుండి, అడుగు ట్రాలీలో కుదురుకునేలా చేసిన హైబ్రిడ్ రకాలు వచ్చాయి. ఒక ఆదివారం నడిచి, ఇంకో ఆదివారం ట్రాలీ తీసుకునేవారికి ఇవి నప్పుతాయి.

మన దేశంలో ఇంకో సంగతుంది. చాలా క్లబ్బుల్లో క్యాడీని పెట్టుకోవడం మామూలే, ఆ క్యాడీ భుజాన మోయకుండా ట్రాలీ లాగడం కూడా మామూలే. అలాంటి చోట కార్ట్ బ్యాగు ఇద్దరికీ సుఖం.

టీవీలో కనిపించే ఆ పెద్ద బ్యాగు సంగతేంటి?

దాన్ని స్టాఫ్ బ్యాగ్ అంటారు, టూర్ బ్యాగ్ అనీ అంటారు. మూతి 10 అంగుళాల దాకా వెడల్పు. ఖాళీదే 4, 5 కిలోలు. వాన కోటు, అదనపు గ్లవ్‌లు, డజను బంతులు, తిండి, నీళ్లు అన్నీ నింపితే 18, 20 కిలోలకు చేరుతుంది. అంత పెద్దదెందుకంటే, ఒక కారణం సామాను, రెండో కారణం కంపెనీ పేరు. పక్కల మీద పెద్దక్షరాలతో కుట్టిన ఆ పేరు కెమెరాకు కనిపించాలి. బ్యాగు అక్కడ ప్రకటన బోర్డు కూడా. దాన్ని క్యాడీ మోస్తాడు, బరువు ఆటగాడి భుజం మీద ఎప్పుడూ పడదు కనుక, తేలిగ్గా చేయాల్సిన తొందర కంపెనీకి లేదు.

అమెరికా పీజీఏ టూర్‌లో ఆడుతున్న సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. అతను కాలిఫోర్నియాలో 1997లో పుట్టాడు. అక్కడే నాపాలో 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, టూర్‌లో అదే తొలి విజయం. అతని ఆట టీవీలో చూసేటప్పుడు రెండు నిమిషాలు క్యాడీని చూడండి. బంతి దగ్గరికి ముందు చేరేది అతనే. దూరం కొలుస్తాడు, గాలి చూస్తాడు, తువ్వాలుతో క్లబ్ తుడుస్తాడు, ఆటగాడు కొట్టేలోపు సంచి పట్టుకుని పక్కకు తప్పుకుంటాడు. మోయడం అతని పనిలో ఒక పాలు మాత్రమే.

ఆ మోత ఎవరిదైనా కావచ్చు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు ఆమె తండ్రి క్యాడీ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తల్లి బ్యాగు మోశారు. అదితి నాలుగో స్థానంలో నిలిచింది, పతకం అందినట్టే అంది తప్పింది. బెంగళూరులోనే క్యాడీగా మొదలైన సి.మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఒకప్పుడు పరాయివాళ్ల సంచి మోసినవాడు, ఆ రోజున తన సంచి వేరొకరు మోస్తుంటే కప్పు అందుకున్నాడు.

వారానికోసారి ఆడేవాడికి స్టాఫ్ బ్యాగు అవసరమా? లేదు. ఇంట్లో అలంకారానికైతే అది వేరే సంగతి. కొన్నా దాన్ని క్యాడీకి భుజాన తగిలించకండి. ట్రాలీ అడగండి.

చేతికర్రంత సన్నటి సంచి కూడా ఉంటుందట. అది దేనికి?

క్యారీ బ్యాగ్, పెన్సిల్ బ్యాగ్, సండే బ్యాగ్, మూడు పేర్లతోనూ దొరుకుతుంది. ఖాళీ బరువు కిలో చుట్టుపక్కల. ఆరేడు క్లబ్బులు, నాలుగు బంతులు, ఒక నీళ్ల సీసా పడతాయి. అన్నీ కలిపి ఐదు కిలోల లోపే. సాయంత్రం పొద్దుగుంకేలోపు తొమ్మిది హోల్స్ ఆడి రావడానికి, డ్రైవింగ్ రేంజిలో గంటసేపు సాధన చేయడానికి ఇది హాయి. అసలు కొత్తగా నేర్చుకునేవారికి 14 క్లబ్బులు అక్కర్లేదు. ఒక డ్రైవర్ లేదా ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, మూడు ఐరన్లు, ఒక వెడ్జి, ఒక పటర్ ఉంటే ఏడాది గడుస్తుంది. ఏ క్లబ్‌తో ఎంత దూరం పోతుందో అప్పుడే బాగా తెలుస్తుంది కూడా.

ఇంకో చిన్న సంచి షాగ్ బ్యాగ్. సాధన బంతులు నింపుకోవడానికి. కొన్నిటికి కింద గొట్టం ఉంటుంది. దాన్ని బంతి మీద నొక్కితే బంతి లోపలికి పోతుంది. వంగి ఏరుకోవాల్సిన పని తప్పుతుంది.

పిల్లలకు పెద్దవాళ్ల పాత సంచి ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. పిల్లల క్లబ్బులు పొట్టివి, పెద్ద సంచిలో వేస్తే తలలు మూతిలోపలికి మునిగి తీయడం కష్టమవుతుంది. నడిచేటప్పుడు అడుగు పిల్లవాడి మోకాలి వెనక తగులుతుంది. జూనియర్ బ్యాగులు పిల్లల ఎత్తును బట్టి అమ్ముతారు. వయసు చెప్పి కొనకండి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి తీసుకుపొండి. ఏడాదిలో ఎదిగిపోతారు కాబట్టి సెకండ్‌హ్యాండ్ కొనడంలో నామోషీ లేదు.

లోపల అరలు 4 మంచివా, 14 మంచివా? క్లబ్బులు ఎలా సర్దాలి?

సంచి మూతి దగ్గర గళ్లు కనిపిస్తాయి. 4, 5, 6 గళ్లవి ఉన్నాయి, క్లబ్‌కొకటి చొప్పున 14 గళ్లవీ ఉన్నాయి. 14 ఉంటే ఏది ఎక్కడో కళ్లు మూసుకుని చెప్పొచ్చు, తలలు ఒకదానికొకటి తగిలి గీతలు పడవు. అయితే గడులు పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. నడిచేవాడికి 4 నుంచి 6, ట్రాలీవాడికి 14 బాగుంటాయి.

గడులు ఎన్నని చూడటంతో ఆగొద్దు, ఎంత లోతున్నాయో చెయ్యి పెట్టి చూడండి. కొన్ని సంచుల్లో పైన మాత్రమే గళ్లుంటాయి, కిందంతా ఒకటే గొయ్యి. అందులో రబ్బరు పిడులు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. ఒకటి లాగితే రెండొస్తాయి. అడుగుదాకా తడికె ఉంటే ఈ బాధ లేదు.

సర్దే పద్ధతి తేలిక. స్టాండ్ బ్యాగులో పొడుగువి వీపు వైపు, అంటే పట్టీలున్న వైపు. మధ్యరకం మధ్యలో. పొట్టివి కాళ్ల వైపు. అలా పెడితే సంచి వాలి నిలబడినప్పుడు పొట్టి క్లబ్బులు పొడుగువాటి చాటున దాక్కోవు. కార్ట్ బ్యాగులోనూ అంతే, పొడుగువి బగ్గీ వైపు, పొట్టివి మన చేతి వైపు. బరువైన నీళ్ల సీసా నడుముకు దగ్గరున్న జేబులో, బంతులు కింది జేబులో. తాళాలు, ఫోను, ఉంగరం లాంటివి మెత్తటి గుడ్డ వేసిన చిన్న జేబులో. బంతిని గుంతలోకి దొర్లించే గ్రీన్ మీద మాత్రం సంచి పెట్టకూడదు. తర్వాతి హోల్‌కు పోయే దారి పక్కన పెడితే వెనకొచ్చేవాళ్లకు అడ్డుండదు.

మన ఎండకూ వానకూ ఏ గుడ్డ తట్టుకుంటుంది?

ఎక్కువ సంచులు నైలాన్‌తోనో పాలిస్టర్‌తోనో చేస్తారు. చీటీ మీద 420డి, 840డి అని ఉంటుంది. అది దారం లావును చెప్పే డెనియర్ లెక్క. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగేకొద్దీ గుడ్డ గట్టిపడుతుంది, బరువూ ఎక్కుతుంది. తోలులా మెరిసే సంచులు చాలావరకు నిజం తోలు కావు, గుడ్డ మీద పాలియురేథేన్ పూత. మన వేడికీ చెమ్మకూ కొన్నేళ్లలో ఆ పూత పొరలుపొరలుగా లేస్తుంది. రోజువారీ వాడకానికి నైలానే మేలు.

వాన తట్టుకోవడం గుడ్డకంటే కుట్టు మీద ఆధారపడుతుంది. సూది దిగిన ప్రతి చోటూ నీటికి దారే. అసలైన వాటర్‌ప్రూఫ్ సంచిలో కుట్ల మీద లోపలినుంచి టేపు అతికించి, జిప్పులకు కూడా రబ్బరు పూత ఇస్తారు. మే నుంచి అక్టోబరు దాకా బెంగళూరులో సాయంత్రపు వానలు తప్పవు. అక్కడ ఆడేవారు ఇలాంటిది కొంటే డబ్బు వృథా కాదు. మామూలు సంచైతే దాంతో వచ్చే, సంచి మూతికి తొడిగే వాన టోపీని ఇంట్లో పారేయకుండా జేబులోనే ఉంచుకోవాలి. విశాఖలాంటి తీరంలో ఉప్పుగాలికి లోహపు జిప్పు తుప్పు పడుతుంది, అక్కడ ప్లాస్టిక్ పళ్ల జిప్పు చూసుకోవాలి.

మన సీమలో అసలు శత్రువు ఎండ. ఎండలో ఆపిన కారు డిక్కీలో సంచిని రోజుల తరబడి వదిలేస్తే పిడుల రబ్బరు గట్టిపడుతుంది, క్లబ్ తలను కాడకు పట్టి ఉంచే జిగురు కూడా బలహీనపడొచ్చు. ఆట అయ్యాక సంచి ఇంట్లోకి తెచ్చి, జిప్పులన్నీ తెరిచి, నీడలో ఆరనివ్వాలి. ఎండబెట్టకూడదు.

జిప్పు పోయిందని సంచి మార్చనక్కర్లేదు. చాలాసార్లు పోయేది రన్నరే. మదనపల్లెలో స్కూలు బ్యాగులు, సూటుకేసులు బాగుచేసేవారెవరైనా రన్నరు మార్చగలరు, ఊడిన పట్టీ కుట్టగలరు. స్టాండు కమ్మీ వంగితే మాత్రం ఆ కంపెనీ విడిభాగమే కావాలి. అందుకే విడిభాగాలు దొరికే బ్రాండు కొనడం మంచిది.

విమానంలో ఎలా పంపాలి?

మామూలు బ్యాగును అలాగే లగేజీలో వేయకూడదు. డ్రైవర్ తల దగ్గరే కాడ విరుగుతుంది. దీనికి ట్రావెల్ కవర్ వేరే ఉంది, బ్యాగు మొత్తాన్ని అందులో దించి జిప్పు వేస్తారు. మెత్తటి రకం మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు. గట్టి పెట్టె రకం ఎక్కువ కాపాడుతుంది, కానీ చాలా కార్ల డిక్కీలో పట్టదు. దేవనహళ్లి విమానాశ్రయంలో దిగి మదనపల్లెకు టాక్సీ మాట్లాడుకునేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మెత్తటి కవర్ వాడితే లోపల ఒక ఊతకర్ర పెట్టాలి. పొడవు సరిచేసుకోగల అల్యూమినియం కర్ర అది. డ్రైవర్ కంటే అంగుళం రెండంగుళాలు ఎత్తు ఉంచి క్లబ్బుల మధ్య నిలబెడితే, సంచి తలకిందులుగా పడినా దెబ్బ కర్ర మీద పడుతుంది. తలలకు తువ్వాళ్లు చుట్టండి. తల ఊడదీయగల డ్రైవరైతే ఊడదీసి బట్టల మధ్య పెట్టండి. అమెరికా ప్రయాణాల్లో ఎకానమీ తరగతికి పెట్టెకు 23 కిలోల పరిమితి మామూలు. గోల్ఫ్ సంచిని క్రీడా సామానుగా తీసుకునే తీరు విమాన సంస్థను బట్టి మారుతుంది, టికెట్ కొనేముందే అడగాలి. దూరం కొలిచే యంత్రానికి విడి లిథియం బ్యాటరీలుంటే వాటిని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

ఇన్ని చెప్పారు సరే, ఒక్కటే కొనాలంటే ఏది?

నడవగలిగినవారైతే, రెండు పట్టీలున్న, 2.5 కిలోలు మించని, 5, 6 గళ్ల స్టాండ్ బ్యాగ్. ఇది భుజానికీ పనికొస్తుంది, కాస్త సర్దుకుంటే ట్రాలీకీ పనికొస్తుంది, క్యాడీ తీసుకున్నా అతన్ని ఇబ్బంది పెట్టదు. నడుంనొప్పి, మోకాళ్లనొప్పి ఉన్నవారు మొహమాటం లేకుండా కార్ట్ బ్యాగ్ తీసుకోండి. ఇప్పుడే నేర్చుకుంటున్నవారు సన్నటి క్యారీ బ్యాగ్‌తో మొదలుపెట్టి, ఆట మీద ప్రేమ నిలబడ్డాక పెద్దది చూడండి.

కొనేచోట ఒక పని తప్పకుండా చేయండి. మీ క్లబ్బులు వెంట తీసుకుపోయి సంచిలో వేయండి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు, గొడుగు కూడా పెట్టండి. వీపున వేసుకుని దుకాణంలోనే పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఖాళీ సంచిని చూపుడువేలితో ఎత్తి చూపించి ‘ఎంత తేలికో చూడండి సార్’ అనే మాటకు విలువ లేదు, ఖాళీ సంచితో ఎవరూ ఆడరు. పది నిమిషాలకే భుజం మారుస్తుంటే అది మీకు బరువే. అప్పుడు క్యాడీ మోస్తాడులే అని కొనేయకండి. అదే బరువు అతని భుజం మీదికి పోతుందే గానీ తగ్గదు. ఇంకో రకం చూపించమనండి.